దుప్పటి ఇచ్చిన చెయ్యి సంతకం దగ్గర ఎందుకు ఆగుతోంది?

"బియ్యమియ్యి, బట్టలియ్యి, ఎవరొద్దన్నరు? కని వాళ్ల కాగితాల జోలికి మాత్రం పోకు."

ఈ మధ్య నాకు అందిన సలహాల్లో ఎక్కువసార్లు విన్నది ఇదే. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కారు. మొన్న చలికాలంలో, మయన్మార్ (బర్మా) నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ శివారు బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల కోసం మేం మీర్‌పేటలో ఇంటింటికీ తిరిగి దుప్పట్లు అడిగితే అందరికంటే ముందు ఇచ్చింది వీళ్లే. ఒక పెద్దాయన పాతవి ఇవ్వడానికి మనసొప్పక దిల్‌సుఖ్‌నగర్ పోయి కొత్తవి కొనుక్కొచ్చాడు. మా పక్కింటి వదిన దుప్పట్ల మూటలో పిల్లల స్వెట్టర్లు, మేజోళ్లు కూడా పెట్టి పంపింది.

కొన్నాళ్లకు ఆ పిల్లల్నే సర్కారు బడిలో చేర్చుకోవాలంటూ జిల్లా విద్యాధికారికి రాసిన అర్జీ పట్టుకుని మళ్లీ అవే తలుపులు తట్టాం. ఒక్క పేజీ అర్జీ. ఏ పార్టీ పేరూ లేదు, ఎవరినీ తిట్టలేదు. ఆధార్ లేదన్న కారణంతో అడ్మిషన్ ఆపొద్దని మాత్రమే ఉంది. కొందరు చదివి, మడిచి, చేతిలో పెట్టేశారు. కొందరు "మా ఆయన వచ్చాక చెప్త" అన్నారు, ఆయన ఎప్పటికీ రాలేదు. కొత్త దుప్పట్లు కొన్న పెద్దాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు. "అమ్మా, అన్నం పెట్టుడు పుణ్యం. ఇది వేరే ముచ్చట. రేపు పోలీసులొచ్చి ఇందుల నీ సంతకం ఎందుకున్నదని అడిగితే నేనేం చెప్పాలె?"

ఆయన భయం అర్థం చేసుకోలేనిది కాదు. కానీ అన్నం ఒకవైపు, సంతకం ఒకవైపు అని ఆయన గీసిన గీత నాకు మింగుడు పడలేదు. ఇల్లూ దేశమూ వదిలి వచ్చినవాళ్ల విషయంలో ఆ గీత నిలవదని నా నమ్మకం. కాగితం కోసం వాళ్ల పక్కన నిలబడటం కూడా సాయమే. అది లేకుండా ఎన్ని మూటలు మోసుకెళ్లినా మనకు తృప్తి దొరుకుతుంది గానీ, వాళ్ల బతుకు ఉన్నచోటే ఉంటుంది. అలా ఎందుకు అనుకుంటున్నానో, నాకున్న అనుమానాలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండు గళ్లు

బాలాపూర్ అంటే ఊరందరికీ గణపతి లడ్డూ వేలం గుర్తొస్తుంది. నిమజ్జనం రోజు టీవీ కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. ఆ చుట్టుపక్కలే, రాయల్ కాలనీ, షాహీన్‌నగర్, బార్కాస్ వైపు, 2012లో మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో గొడవలు జరిగినప్పటి నుంచి రోహింగ్యాలు వచ్చి ఉంటున్నారు. కొన్నిచోట్ల ఖాళీ ప్లాటుకు నెలనెలా అద్దె కట్టి, వెదురు బొంగులు పాతి, పైన టార్పాలిన్ కప్పి, చుట్టూ పాత ఫ్లెక్సీలు కట్టుకున్నారు. ఎన్నికలప్పటి ఫ్లెక్సీలు కావడంతో ఒక గుడిసె గోడ మీద నాయకుల నమస్కారాలు తలకిందులుగా కనిపిస్తాయి. మగవాళ్లు అడ్డా కూలీకి పోతారు, లేదంటే పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరి అమ్ముతారు.

వీళ్ల దగ్గర ఉండే ఒకే ఒక గుర్తింపు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. దాన్ని ఒక తల్లి ఎలా దాచుకుందో చూశాను. కార్డు ఒక పారదర్శక కవరులో ఉంది, ఆ కవరు ఇంకో పాలిథిన్ సంచిలో ఉంది, సంచి మూతికి దారం చుట్టి ఉంది, ఆ మూటను గుడిసె నిట్రాటకు, పిల్లలకు అందనంత ఎత్తులో కట్టింది. వానకు తడవకుండా, మంట అంటుకుంటే చేత్తో లాక్కుని పరిగెత్తేలా. కార్డు మీద ఆమె ఫొటో, పేరు, ఒక నంబరు, గడువు తేదీ ఉన్నాయి. గడువు తేదీ మీద ఆమె బొటనవేలు పెట్టి నాకు చూపించింది. చదవడం రాదు గానీ, ఆ చోటు ఆమెకు కంఠతా వచ్చు.

ఆ కార్డు పట్టుకుని ఆమెతో పాటు నేనూ బడికి వెళ్లాను. హెడ్‌మాస్టర్ మంచి మనిషి. కుర్చీ వేయించాడు, పిల్లాడి పేరు అడిగాడు, వాడు తడుముకోకుండా తెలుగులో చెప్పేసరికి నవ్వాడు. తర్వాత కంప్యూటర్ మా వైపు తిప్పాడు. ఆధార్ నంబరుకు పన్నెండు గళ్లు. అవి నింపందే కింద ఉన్న బటన్ నొక్కుడు పడదు. "నాకేం అభ్యంతరం లేదమ్మా, క్లాసులో కూసోమనండి. కానీ పేరు ఎక్కించలేను" అన్నాడు. పేరు ఎక్కకపోతే పాఠ్యపుస్తకాలు లేవు, యూనిఫాం లేదు, మధ్యాహ్న భోజనం లెక్కలో వాడు లేడు, పదో తరగతి దాకా వస్తే హాల్ టికెట్టూ రాదు.

ఇంతకీ చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత చదువు హక్కు అంటుంది. ఈ దేశ పౌరుల పిల్లలకు మాత్రమే అని ఎక్కడా అనలేదు. వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదని కూడా అందులో రాసి ఉంది. ఢిల్లీలో రోహింగ్యా పిల్లల బడి విషయం సుప్రీంకోర్టు దాకా పోతే, పిల్లలు ముందు సర్కారు బడికే వెళ్లి అడగాలని, కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. అంటే మా అర్జీ కొత్త హక్కేదీ అడగలేదు. ఉన్నదాన్ని అమలు చేయమంది. అమలు చేయించే పని దుప్పటి చేయలేదు. దానికి ఎవరో ఒకరు ఆ తల్లితో పాటు ఆ కుర్చీలో కూర్చోవాలి, చట్టంలో ఉన్నది చూపించాలి, ఆ ఒక్క పేజీ పై అధికారికి పంపాలి.

ఆ పిల్లాడు హైదరాబాద్‌లోనే పుట్టాడు. మయన్మార్ వాడు చూడలేదు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వాళ్ల తాతల్నే పౌరులుగా ఒప్పుకోలేదు. ఇక్కడ 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవాళ్లకు, తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారు అయినా పుట్టుకతో పౌరసత్వం రాదు. రెండు దేశాల చట్టాల మధ్య వాడు ఎవరికీ చెందకుండా పోయాడు. నేను వాడికి పౌరసత్వం ఇమ్మనడం లేదు. అది వేరే పెద్ద చర్చ. మూడో తరగతి చదవనివ్వమంటున్నాను.

చిన్నాయన చెప్పిన లెక్క

మాది జగిత్యాల వైపు ఊరు. గల్ఫ్‌కు పోని ఇల్లు మా ఊళ్లో వెతికితే దొరుకుతుంది, అంతే. కాబట్టి కాగితం లేని మనిషి అంటే ఎవరో నాకు బాలాపూర్ పోయాక తెలిసింది కాదు, చిన్నప్పుడే తెలుసు. మా చిన్నాయన కువైట్‌కు పోయాడు. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ చేయించిన పని ఒకటి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్ట్ గుంజుకుని జీతం ఆపితే ఒక రాత్రి బయటపడ్డాడు. ఆ రాత్రి నుంచి ఆయన ఖల్లివెల్లి, కాగితాల్లేని మనిషి. గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లల్లో ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. పని దొరికినరోజు కూలీ, దొరకనిరోజు దాక్కోవడం, జ్వరం వస్తే ఆసుపత్రికి పోలేకపోవడం, తల్లి చనిపోతే వీడియో కాల్‌లో చూడటం.

2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఆయన ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్ట్ లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ పత్రం మీద, తిరిగొచ్చాడు. ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడడు. కానీ ఈ అర్జీ గొడవ విని ఒక మాట చెప్పాడు. "అక్కడ తిండికి తక్కువ చేయలే బిడ్డా. రంజాన్ నెల అంతా టెంట్లల్ల కడుపు నిండ తిన్నం. ఎవరు ఏ మతమని అడిగినోళ్లు లేరు. కని నా ఫారం నింపి, నన్ను ఎంబసీ లైన్ల నిలబెట్టే మనిషి దొరికేటందుకు యాడాది పట్టింది. అన్నం పెట్టినోళ్లు మస్తు మంది. వాళ్ల మొఖాలు యాదికి లేవు. ఆ ఫారం నింపిన నిజామాబాద్ పిలగాని పేరు మాత్రం సచ్చేదాక మర్వ."

ఈ లెక్క మన ఊళ్లకు బాగా తెలుసు. మనవాళ్లు సౌదీలో, కువైట్‌లో, దుబాయ్‌లో చిక్కుకుంటే మనం బియ్యం పంపలేదు. ధర్నాలు చేశాం, ఎంబసీలకు రాశాం, ఎమ్మెల్యేల ఇళ్ల ముందు కూర్చున్నాం, శవపేటిక ఎప్పుడొస్తుందని విమానాశ్రయంలో రాత్రిళ్లు కాశాం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో జీవో తెచ్చిందంటే, దాని వెనక ఏళ్ల తరబడి రోడ్డెక్కిన వితంతువులు, గల్ఫ్ కార్మిక సంఘాలు ఉన్నాయి. అప్పుడు ఆ పోరాటాన్ని ఎవరూ "వేరే ముచ్చట" అనలేదు. మన పిల్లగాడు గడువు తీరిన ఇఖామాతో (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉంటే అయ్యో పాపం, ఏజెంటు మోసం చేశాడు అంటాం. బాలాపూర్‌లో ఉన్నవాడి కార్డు గడువు తీరితే అక్రమ చొరబాటుదారు అంటాం. మా చిన్నాయన కడుపు కోసం పోయాడు, వీళ్లు ప్రాణం కోసం వచ్చారు. కాగితం విషయంలో ఎవరి మీద ఎక్కువ దయ ఉండాలో నాకైతే సందేహం లేదు.

"ముందు మనవాళ్ల సంగతి చూడు"

ఇది నేను గౌరవించే అభ్యంతరం. పాలమూరు కూలీ ఇప్పటికీ ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నాడు, నీకు బర్మా వాళ్లు కనిపించారా అని అడిగితే జవాబు చెప్పాల్సిందే.

నా జవాబు ఏమిటంటే, మనవాళ్లకు కూడా మనం అచ్చం ఇదే చేశాం. బియ్యం ఇచ్చి, మిగతాది వేరే ముచ్చట అన్నాం. 2020 లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకోండి. మేడ్చల్ హైవే మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో నడిచిపోతున్న వలసకూలీలకు ఈ నగరం ఎంత అన్నం పెట్టిందో నేను కళ్లారా చూశాను. పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు, చెప్పులు కూడా పంచారు. ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అంది. అవన్నీ కావలసినవే, అవి లేకపోతే మనుషులు రాలిపోయేవారు. కానీ వాళ్లు ఆ రోడ్డు మీద అడిగింది రెండే: ఆగిపోయిన కూలీ డబ్బులు, ఇంటికి పోయే బండి. ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాల నిర్మాణంలో ఉన్న కూలీలు ఇదే అడుగుతూ తిరగబడ్డారు, పోలీసులతో గొడవ అయింది, వార్తల్లోకి ఎక్కింది. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో బయల్దేరింది. ఎక్కినవాళ్లలో ఆ కూలీలు ఉన్నారు. పొట్లాలు వాళ్లను రోడ్డు మీద బతికించాయి, ఇంటికి చేర్చింది మాత్రం అడిగిన గొంతు.

ఇంకో ఉదాహరణ నగరం చుట్టూనే ఉంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు. వెట్టిలో చిక్కిన కుటుంబాన్ని అధికారులు విడిపించిన రోజు అందరూ బిస్కెట్లు, బిర్యానీ తెస్తారు. ఆ కుటుంబం మళ్లీ అదే బట్టీకి పోకుండా ఆపేది విడుదల పత్రం. అది ఉంటేనే పునరావాసం డబ్బులు వస్తాయి. 2016 కేంద్ర పథకం ప్రకారం మగ కూలీకి 1 లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు. ఆ పత్రం కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే కార్యకర్తల్ని "పనిలేనోళ్లు" అనేవాళ్లనూ విన్నాను. ఒడిశా కూలీకి విడుదల పత్రం, జగిత్యాల కూలీకి ఔట్‌పాస్, రోహింగ్యా పిల్లాడికి అడ్మిషన్. వీటి వెనక ఉన్న పని ఒకటే, అది చేసే మనుషులు కూడా చాలాసార్లు ఒక్కరే. మనవాళ్లకు ముందు చేయమనే వాళ్లలో ఎందరు మనవాళ్ల కోసం ఆ ఆఫీసు మెట్లెక్కారో నాకు తెలియదు. ఎక్కినవాళ్లు మాత్రం వీళ్లూ వాళ్లూ అని అడగడం నేనింతవరకు వినలేదు.

ఇందులో కూలీ రేటు గొడవ కూడా ఉంది. అడ్డా మీద రోహింగ్యాలు తక్కువకు ఒప్పుకుని మన కూలీల పొట్ట కొడుతున్నారని ఒక మేస్త్రీ నాతో అన్నాడు. తక్కువకు ఒప్పుకోవడం నిజమే. ఎందుకు ఒప్పుకుంటున్నారు? పని చేయించుకుని డబ్బులు ఎగ్గొట్టినా పోలీస్‌స్టేషన్‌కు పోలేరని కాంట్రాక్టరుకు తెలుసు కాబట్టి. పక్కన నిలబడ్డ పాలమూరు కూలీ రేటు పడిపోతున్నదీ ఆ భయం వల్లే. 2011లో కేంద్ర హోంశాఖ శరణార్థులమని చెప్పుకునేవాళ్లకు దీర్ఘకాలిక వీసా ఇచ్చే పద్ధతి ఒకటి పెట్టింది. దాని కింద కొందరు రోహింగ్యాలకూ వీసాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ వీసా ఉన్నవాడు ప్రైవేటు పని చట్టప్రకారం చేసుకోవచ్చు. అలాంటివాణ్ని సగం కూలీకి లొంగదీయడం అంత సులువు కాదు.

భద్రత మాట

ఇక అసలు అభ్యంతరం. వీళ్లెవరో, ఎక్కడినుంచి వచ్చారో, ఏం చేస్తారో ఎవరికి తెలుసు? తప్పుడు కాగితాలతో ఆధార్, ఓటరు కార్డులు తీసుకున్నారని ఈ నగరంలోనే అరెస్టులు జరిగాయి కదా?

జరిగాయి. తప్పుడు కార్డు తీసుకోవడం తప్పే, అమ్మిన బ్రోకరుది ఇంకా పెద్ద తప్పు. కానీ ఆలోచించండి. సిమ్ కార్డుకు, గ్యాస్‌కు, కాన్పుకు, బడికి అన్నింటికీ ఆధార్ అడిగే ఊళ్లో, ఏ సక్రమమైన కాగితానికీ దారి లేకుండా ఒక మనిషిని పెడితే ఆ మనిషి బ్రోకరు దగ్గరికే పోతాడు. ఎవరు ఎక్కడున్నారో తెలియాలంటే వాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఉండాలి. బడి హాజరుపట్టీలో, ఆసుపత్రి రికార్డులో, శరణార్థి సంస్థ జాబితాలో పేరున్న కుటుంబం భయంతో రాత్రికి రాత్రి బస్తీ మారే కుటుంబం కంటే భద్రతకే మంచిది. నిజంగా నేరం చేసినవాణ్ని పట్టుకోవడానికి కూడా అదే పనికొస్తుంది.

కోర్టుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే మా వైపు వాళ్లు కొందరు సగమే చెబుతారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో, 1996లో, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2021లో రోహింగ్యాల కేసులో, జీవించే హక్కు అందరిదీ అంటూనే, దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు పౌరులకే ఉన్న నివాస హక్కుతో ముడిపడిందని, పద్ధతి ప్రకారం పంపొచ్చని అంది. ఇది నాకు నచ్చని తీర్పు, కానీ అది తీర్పు. 2018 అక్టోబరులో ఏడుగురిని మయన్మార్‌కు అప్పగించారు కూడా. వాళ్లు మళ్లీ అడుగుపెట్టింది తమను మనుషులుగా లెక్కలోకే తీసుకోని చట్టం ఉన్న దేశంలో. 2017 ఆగస్టు తర్వాత అక్కడి నుంచి 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వెనక్కి పంపాలనేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఎవరి చేతుల్లోకి?

మనసుంటే ప్రభుత్వానికి దారులు లేకపోలేదు. 2025 విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినప్పుడే, 2015 జనవరి 9 నాటికి వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్ట్, వీసా లేనందుకు శిక్షలు వర్తించవని కేంద్రం ఒక ఉత్తర్వుతో చెప్పింది. మంచి పని. ఒక్క ఉత్తర్వు సరిపోయింది.

మనం బర్మా నుంచి నడిచొచ్చిన రోజులు

మా ఆఫీసులో శ్రీకాకుళం అమ్మాయి ఒకరున్నారు. వాళ్ల ముత్తాత రంగం (రంగూన్) పోయి ఓడరేవులో మూటలు మోసేవాడట. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి అలా వేలకొద్దీ పోయారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టారు, సమ్మె ముగిశాక వాళ్లను తీసేశారు, ఆ మంట అల్లర్లై వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. పొట్ట కొడుతున్నారనే మాట అప్పుడు అక్కడ తెలుగువాళ్ల గురించి అన్నారు.

1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలమంది భారతీయులు బర్మా వదిలి నడిచారు. దారిలో వేలమంది పోయారు. నడిచినవాళ్లలో చాలామంది అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు వచ్చారు. ఆ అరకానే ఇవాళ్టి రఖైన్. తర్వాత 1962లో అక్కడ సైనిక పాలన వచ్చి దుకాణాలు జాతీయం చేశాక మరో అల వచ్చింది. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా పుట్టిన బస్తీయే. అలా తిరిగొచ్చినవాళ్లకు ప్రభుత్వం గంజి కేంద్రాలతో సరిపెట్టలేదు. స్థలాలు, అప్పులు ఇచ్చింది, వాళ్ల కోసం, శ్రీలంక నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో రెప్కో అనే సహకార బ్యాంకు పెట్టింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. వాళ్లు మనవాళ్లు, మన రక్తం, తిరిగి సొంత దేశానికి వచ్చారు, వీళ్లతో పోలికేమిటి? న్యాయమైన ప్రశ్నే, చట్టం దృష్టిలో ఆ తేడా ఉంది, నేను కాదనను. కానీ ఆ శ్రీకాకుళం అమ్మాయి వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటి నన్ను వదలడం లేదు. దారిలో వాళ్ల ముత్తాతను రెండు రాత్రులు ఇంట్లో పడుకోబెట్టి, జ్వరం తగ్గాక పడవ ఎక్కించింది అరకాన్‌లోని ఒక ముస్లిం కుటుంబం అట. పేరు తెలియదు. నిరూపించే కాగితమేమీ లేదు. ఇళ్లల్లో చెప్పుకునే కథలు అంతే కదా. ఆమె మా అర్జీ మీద సంతకం చేసింది.

గట్టిగా మాట్లాడితే దెబ్బ ఎవరికి?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది. పై అభ్యంతరాలన్నింటికీ నా దగ్గర ఏదో ఒక జవాబు ఉంది. దీనికి సగమే ఉంది.

2020 గ్రేటర్ ఎన్నికల్లో పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామనే మాట వినిపించిన రోజులు గుర్తున్నాయా? రోహింగ్యాలు, పాకిస్తానీలు అంటూ టీవీల్లో రోజూ అదే చర్చ. గుడిసెల్లో వాళ్లకు ఓటు లేదు, ఆ చర్చలో మాట లేదు, కానీ తనిఖీలు వచ్చింది వాళ్ల గుడిసెలకే. ఆ మధ్య మాతో వచ్చిన ఒక కుర్రాడు ఉత్సాహంగా ఫోన్ తీసి వీడియో మొదలుపెడితే ఒక పెద్దమనిషి లేచి, దక్కనీ ఉర్దూలో, చాలా మర్యాదగా, "బేటా, నువ్వు ఈ వీడియో పెడతావు, పది మంది మంచిగా రాస్తారు, ఒకడు అడ్రస్ రాస్తాడు. నువ్వు ఇంటికి పోతావు, మేం ఇక్కడే ఉంటాం" అన్నాడు. కుర్రాడు ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆ మాట విన్నాక, వీళ్ల తరఫున మాట్లాడటమంటే ఏమిటో మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. మైకు పట్టుకుని సభలు పెట్టడం కొన్నిసార్లు అవసరమే, గల్ఫ్ వితంతువుల విషయంలో అదే పనిచేసింది. వాళ్లకు ఓటుంది, ఊరుంది, వెనక బంధువులున్నారు. బాలాపూర్ తల్లికి అవేవీ లేవు. ఆమె విషయంలో కౌంటర్ దగ్గర పక్కన నిలబడే సాయమే ఎక్కువ పనికొస్తుంది, ప్రమాదమూ తక్కువ. ఒకరోజు నొప్పులు పడుతున్న ఒకామెను ఆసుపత్రికి తీసుకెళ్తే చిట్టీ రాసే దగ్గర ఆధార్ అడిగారు. మాలో ఒకమ్మ గొంతు పెంచకుండా, ఎమర్జెన్సీ కేసు, ముందు చేర్చుకోండి, కాగితాలు తర్వాత చూద్దాం అని చెప్పి అక్కడే నిలబడింది. పది నిమిషాల్లో పని అయింది. పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం కూడా వచ్చింది. 1969 జనన మరణాల చట్టం ప్రకారం ఈ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుకనూ నమోదు చేయాలి. అది పౌరసత్వం ఇవ్వదు. కానీ ఈ బిడ్డ ఫలానా రోజు, ఫలానా చోట పుట్టిందని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. వాళ్ల వంశంలో అలాంటి కాగితం ఉన్న మొదటి మనిషి ఆ పాప కావొచ్చు.

కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు ఈ నగరంలో ఈ పని ఏళ్లుగా చేస్తున్నాయి. వాటికి విదేశీ డబ్బులు వస్తాయని, ఇదంతా దుకాణమని అనేవాళ్లున్నారు. లెక్కలు అడగండి, అడిగే హక్కుంది. కానీ బయటి డబ్బు మీదే అంతా నడిస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లో రోహింగ్యా శిబిరాలున్న కాక్స్‌బజార్‌లో చూశాం. 2023లో దాతలు చేతులెత్తేస్తే అక్కడి శిబిరాల్లో మనిషికి నెలకు 12 డాలర్లున్న రేషన్ మూడు నెలల్లో 8 డాలర్లకు పడిపోయింది. ఎక్కడో ఉన్న దాత మనసు మారితే ఆగిపోయే సాయం కంటే, నా కాలనీలో ఉండే మనిషి ఒక పూట సెలవు పెట్టి ఫారం నింపడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

పెద్దాయన భయానికి కూడా నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2025 విదేశీయుల చట్టం ప్రకారం విదేశీయుల వివరాలు బడులు, ఆసుపత్రులు అధికారులకు తెలపాలి. ఆ సమాచారాన్ని ఎవరు ఎలా వాడతారో అన్న ఆందోళన ఆ తల్లులకూ ఉంది. అందుకే మేం ముందు వాళ్లను అడుగుతున్నాం, ఒద్దన్నవాళ్ల పేరు అర్జీలో పెట్టడం లేదు. కానీ సంతకం పెట్టిన మనకు? ఒక పిల్లాడిని బడిలో చేర్చుకోమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం నేరం కాదు. పోలీసులొచ్చి అడిగితే చెప్పాల్సింది కూడా అంతే. ఈ మాట పెద్దాయనతో అన్నాను. ఆయన ఆలోచిస్తానన్నాడు. ఇంకా చేయలేదు.

జూన్‌లో బడులు తెరిచే ముందు టీచర్లు బడిబాట పేరుతో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని నమోదు చేస్తారు. ఈసారి ఆ బాట గుడిసెల దాకా రావాలని, ఆధార్ గళ్లు ఖాళీగా ఉన్నా పేరు ఎక్కించేలా ఒక సర్క్యులర్ ఇవ్వాలని అడుగుతున్నాం. హెడ్‌మాస్టర్లకు పైనుంచి ఒక కాగితం వస్తే చాలు, చాలామంది చేర్చుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు. సర్క్యులర్ వచ్చినా రాకపోయినా, బడికి ఆ తల్లులతో వెళ్లడానికి మనుషులు కావాలి. తెలుగు చదవడం రాయడం వస్తే చాలు, ఉర్దూ కూడా వస్తే ఇంకా మంచిది. విద్యాహక్కు చట్టం తెలుగు ప్రతి నేనిస్తాను. ఒక పూట సెలవు పెట్టుకోండి, పెన్ను తెచ్చుకోండి, వీడియోలు మాత్రం తీయొద్దు.